నిమ్మలకుంట తోలుబొమ్మలాట: బొమ్మ, ఆట, పాఠ్యం

ఉపోద్ఘాతం

తెలుగువారి ప్రాచీన ప్రదర్శన కళల్లో తోలుబొమ్మలాట ఒకటి. పాల్కురికి సోమనాథుడి 'పండితారాధ్య చరిత్ర'లో తెర మరుగున బొమ్మలాడించేవారి ప్రస్తావన ఉంది. కాకతీయుల కాలం నాటికే ఈ కళ జనంలో ప్రచారం పొందిందనడానికి ఇది ఆధారం. ఈ కళను గురించిన చర్చ ఎక్కువగా బొమ్మల తయారీ, రంగులు, ప్రదర్శన విధానాల చుట్టూ సాగింది. తెర వెనుక కళాకారుడు పలికే మౌఖిక పాఠ్యంపై అంత దృష్టి పడలేదు. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటను ఆధారం చేసుకొని ఆ పాఠ్యం సాహిత్య విలువను, నేటి స్థితిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రాంత నేపథ్యం

రొద్దం, పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ప్రాంతాలు 2022 వరకు అనంతపురం జిల్లాలో ఉండి, ఆపై శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి. 1565 నాటి తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజధాని పెనుకొండకు మారింది. అంతకు ముందే లేపాక్షి వీరభద్రాలయ మండపాల పైకప్పులపై పురాణ గాథల చిత్రాలు వెలిశాయి. పక్కకు తిరిగిన ముఖం, విశాలమైన కన్ను, నిండైన నగలు, అంచుల వస్త్రాలు ఆ చిత్రాల్లోనూ తోలుబొమ్మల్లోనూ కనిపిస్తాయి. ఈ పోలికను బట్టి ఒకటి మరొకదాని నుండి పుట్టిందనలేం. ఈ సీమ జనానికి పురాణ పాత్రల రూపం ఎలా ఉండాలన్న ఊహ రెండింటికీ ఉమ్మడిదని మాత్రం చెప్పవచ్చు.

ఈ కళను వంశపారంపర్యంగా నిలుపుకొన్న ఆరె మరాఠీ కుటుంబాల ఇంటి భాష మరాఠీ, ఆట భాష తెలుగు. ఇంట మరొక భాష మాట్లాడేవారు తెలుగు పద్యాన్ని నోటితో తరతరాలుగా మోసుకురావడం తెలుగు సాహిత్య చరిత్రలో గమనింపదగిన విషయం.

పాఠ్య స్వరూపం

బొమ్మలాట రామాయణానికి గోన బుద్ధారెడ్డి 'రంగనాథ రామాయణం' ప్రధానమైన ఆకరం. వాల్మీకంలో లేని ఉడుత కథ, సులోచన వృత్తాంతం వంటివి అందులో చోటు చేసుకున్నాయి. ద్విపద పాటకు, జ్ఞాపకానికి అనువైన ఛందస్సు. అయితే కళాకారుడు కావ్యాన్ని యథాతథంగా అప్పగించడు. పద్యమో ద్విపదో రాగయుక్తంగా పాడి, దాని భావాన్ని వచనంలో విప్పి, ఆపై పాత్రల సంభాషణలోకి దిగుతాడు. హార్మోనియం, మృదంగం, తాళాలు పాటను నడిపితే, కాలి కింద తొక్కే చెక్కల చప్పుడు యుద్ధ ఘట్టాలకు ఊపునిస్తుంది. స్త్రీ పాత్రలకు ఆ కుటుంబంలోని స్త్రీలే గొంతునిస్తారు. ఈ విధంగా పాఠ్యం ఒక్కరి సొత్తు గాక కుటుంబమంతటి ఉమ్మడి రచన అవుతుంది.

కథ మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు ప్రవేశిస్తారు. వీరి మాటల్లో గ్రాంథికం ఉండదు. ఊరి మాండలికం, ఊరి సంగతులు, మోటు హాస్యం ఉంటాయి. వీరిని కేవలం కాలక్షేపానికి కల్పించిన పాత్రలుగా చూడటం సరికాదు. రాముడు పద్యంలో మాట్లాడే తెరపైనే కేతిగాడు పల్లెవాడుకలో మాట్లాడతాడు. ఆ రెంటి మధ్య దూరమే ప్రేక్షకుడిని కథలోకి రప్పిస్తుంది. విరాటపర్వం ఆడిస్తే వానలు కురుస్తాయన్న నమ్మకాన్ని కూడా ఈ దృష్టితోనే చూడాలి. కరువు సీమలో కథ వినడం వినోదంతో పాటు ప్రార్థన కూడా అయింది.

తెర నుండి దీపానికి

సినిమా రాకతో రాత్రంతా సాగే ఆటకు ఆదరణ తగ్గింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో జింక తోలు వాడకానికి తెరపడి, మేక తోలే ఆధారమైంది. జీవనోపాధి కోసం కళాకారులు దీపాలపై గొడుగులు, గోడకు వేలాడదీసే చిత్రాలు చేయసాగారు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావును 2020లో పద్మశ్రీ వరించింది. ఇవి ఎంతో మేలు చేసిన పరిణామాలు. కానీ భౌగోళిక గుర్తింపు వస్తువుకు రక్షణ ఇస్తుంది. ఆ వస్తువు పలికించిన మాటకు ఇవ్వదు.

ఇక్కడ ఒక పోలిక ఉపకరిస్తుంది. పందొమ్మిదవ శతాబ్ది ఇంగ్లాండులో రంగస్థల నాటకాలను చిన్న కాగితపు బొమ్మలుగా అచ్చువేసి అమ్మేవారు. పిల్లలు వాటిని కత్తిరించి, అట్టకు అతికించి, బల్లమీద ఆడించేవారు. బొమ్మల కాగితాలతో పాటు నాటక పాఠ్యాన్ని కుదించిన చిన్న పుస్తకం కూడా అమ్మకానికి ఉండేది. రంగస్థలం ఎంత చిన్నదైనా మాట దాన్ని విడువలేదు. దీపపు గొడుగుగా మారిన తోలుబొమ్మ విషయంలో దీనికి విరుద్ధంగా జరిగింది. రూపం ఇళ్ళలోకి చేరింది, పాఠ్యం తెర వెనుకే ఉండిపోయింది.

ముగింపు

బొమ్మను చూసి మరో బొమ్మ చేయవచ్చు. ఏ పద్యం తరువాత ఏ వచనం రావాలో, ఏ ఘట్టంలో కేతిగాడు అడ్డు తగలాలో బొమ్మను చూసి తెలుసుకోలేం. అది పెద్దల నోటి నుండి పిల్లల చెవికి చేరవలసిందే. అందువల్ల పూర్తి ఆటలను ధ్వనిముద్రణ చేయడం, ఒకే ఘట్టానికి వేర్వేరు కుటుంబాల పాఠాలను లిఖించి పోల్చడం, వాటిని ద్విపద కావ్యాలతో సరిచూడటం తెలుగు శాఖలు చేపట్టవలసిన పనులు. మౌఖిక పాఠాన్ని కావ్యానికి వికృత రూపంగా గాక, కావ్యం జనంలో జీవించిన రూపంగా గుర్తించినప్పుడే తోలుబొమ్మలాట చరిత్ర సమగ్రమవుతుంది.