అపాచీ అంటే బండి పేరు కాదు: శాన్ కార్లోస్ స్కేట్‌బోర్డు కంపెనీ కథ



మన ఊళ్లలో అపాచీ అన్న పేరు వినని కుర్రాడు ఉండడు. ఏ బండి కొందాం అంటే ఒకడు పల్సర్ అంటాడు, ఇంకొకడు అపాచీ అంటాడు. 2019లో మన వైమానిక దళంలో చేరిన యుద్ధ హెలికాప్టర్ పేరు కూడా అపాచీయే. ఆ పేరు ఒక ఆదివాసీ జాతిదని, ఆ మనుషులు ఇప్పటికీ అమెరికాలోని అరిజోనా, న్యూ మెక్సికో, ఓక్లహోమా రాష్ట్రాల్లో ఉన్నారని మనలో ఎంతమందికి తెలుసు?

ఈసారి పోస్టు వాళ్ల గురించి. వాళ్లలో ఒకాయన 2002లో మొదలుపెట్టిన ఒక చిన్న కంపెనీ గురించి. పేరు అపాచీ స్కేట్‌బోర్డ్స్. పెట్టినాయన పేరు డగ్లస్ మైల్స్, చిత్రకారుడు, ఊరు శాన్ కార్లోస్. అపాచీ పేరు పెట్టి సరుకు అమ్మినవాళ్లు లోకంలో చాలామందే ఉన్నారు. ఆ పేరు గల జాతిలో పుట్టినాయన తనే పేరు పెట్టి, తనే బొమ్మ వేసి అమ్మిన సరుకు ఇది. మాకు ఈ చరిత్ర రాయాలనిపించింది అందుకే.

ముందు ఒక మాట. వాళ్ల దగ్గర రిజర్వేషన్ అంటే సీటో ఉద్యోగమో కాదు. ఒక జాతిని తన అడవి నుంచీ కొండ నుంచీ తరిమి, ఇక్కడే ఉండండి అని ప్రభుత్వం గీత గీసి ఇచ్చిన జాగా. శాన్ కార్లోస్ రిజర్వేషన్ 1872లో ఏర్పడింది. దాదాపు 18 లక్షల ఎకరాలు. వినడానికి చాలా పెద్దది. కానీ వేరువేరు అపాచీ గుంపుల్ని, పక్క జాతివాళ్లని కూడా తెచ్చి అక్కడ కుదేశారు. ఆ ఎండకి, ఆ దుమ్ముకి, ఆ జబ్బులకి తట్టుకోలేక కాపలా సైనికులే ఆ చోటుకి నరకంలో నలభై ఎకరాలని పేరు పెట్టారు. కాపలావాడికే అలా ఉంటే లోపల ఉన్నవాడి సంగతి మీరే ఆలోచించండి.

జెరోనిమో పదేపదే తప్పించుకుని పారిపోయింది ఇక్కడి నుంచే. 1886లో చివరిసారి లొంగిపోయేనాటికి ఆయన వెంట ఉన్నది పిల్లాజెల్లాతో కలిపి 40 మంది లోపే. వాళ్లను వెతకడానికి అమెరికా సైన్యం దాదాపు 5,000 మందిని దించింది. లొంగిన తర్వాత రైళ్లలో ఎక్కించి ఫ్లోరిడా పంపారు. అంతవరకు సైన్యానికి దారి చూపించిన అపాచీ స్కౌట్లను కూడా అదే రైలెక్కించారు. సొంతవాళ్లని పట్టించినందుకు దక్కిన బహుమానం అది. 27 ఏళ్లు యుద్ధఖైదీలుగానే ఉంచారు.

ఇంకో సంగతి. గిలా నది మీద కూలిడ్జ్ డ్యామ్ కట్టి 1930లో ప్రారంభించారు. పాత శాన్ కార్లోస్ ఊరు నీళ్లలో మునిగిపోయింది. చనిపోయినవాళ్లని తవ్వి తీయడానికి అపాచీలు ఒప్పుకోలేదు, అందుకని శ్మశానం మీద కాంక్రీటు పరిచి దాని మీదికి నీళ్లు వదిలారు. ఊరు ఎగువకి జరిగింది, పేరు మాత్రం అదే పెట్టుకున్నారు. పోలవరం ముంపు ఊళ్ల నుంచి వచ్చిన కోయ, కొండరెడ్డి మిత్రులకి ఈ పేరా విప్పి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు బొమ్మల దగ్గరికి వద్దాం. కంపెనీ కథకి అసలు వేరు అక్కడుంది.

అపాచీల బొమ్మలకి లోకంలో ఎప్పుడూ కరువు లేదు. 1886 మార్చిలో సి.ఎస్. ఫ్లై అనే ఫోటోగ్రాఫర్ జెరోనిమోని, ఆయన మనుషుల్ని తుపాకులతో నిలబెట్టి ఫోటోలు తీశాడు. ఇంకా లొంగని ఆదివాసీ యోధుల్ని వాళ్ల తావులోనే తీసిన ఫోటోలు అవి, అందుకే చాలా ప్రసిద్ధి. తర్వాత హాలీవుడ్ వచ్చింది. 1939 నాటి స్టేజ్‌కోచ్‌లో అపాచీ అంటే గుర్రం మీద దూసుకొచ్చి తుపాకీ గుండుకి పడిపోయేవాడు, అంతే. వాడికి పేరుండదు, ఇల్లుండదు. మన తెలుగు సినిమాలో కోయదొర వేషం గుర్తొస్తోందా? మాకూ గుర్తొచ్చింది.

ఈ అమ్మకాల్లో ఒక అపాచీ కూడా ఉన్నాడు. జెరోనిమోయే. ఖైదీగా ఉండగానే 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనకి ఆయన్ని తీసుకెళ్లి జనానికి చూపించారు. ఆ ముసలాయన అక్కడ కూర్చుని తన ఫోటోలు, తన సంతకాలు, ఆఖరికి కోటు బొత్తాలు కూడా అమ్ముకున్నాడు. కొందరు దీన్ని దీనస్థితి అంటారు. మాకైతే అలా అనిపించదు. నా మొహం ఎలాగూ అమ్ముతున్నారు, ఆ డబ్బులేవో నా జేబులో పడనీ అనుకున్నట్టుంది ఆయన లెక్క.

ఇక స్కేట్‌బోర్డు. మనలో చాలామంది ఫోన్లో వీడియోలు తప్ప చూసి ఉండరు. ఒక చెక్క, కింద నాలుగు చిన్న చక్రాలు. చెక్కని డెక్ అంటారు. మామూలుగా మేపుల్ కర్ర పొరలు ఏడు అంటించి, అచ్చులో నొక్కి, వంపు తెచ్చి కోస్తారు. అలల మీద పలకతో జారే ఆట హవాయి ఆదివాసీలది. 1950లలో కాలిఫోర్నియా కుర్రాళ్లు దాన్ని రోడ్డు మీదికి తెచ్చారు. 1970ల మొదట్లో యూరిథేన్ చక్రాలు వచ్చాక బోర్డు జారిపోకుండా రోడ్డుని పట్టుకోవడం మొదలైంది, అక్కడి నుంచి ఆట ఎదిగింది.

వ్యాపారంలో కిటుకు ఒకటుంది. ఏ కంపెనీ డెక్ అయినా చెక్క దాదాపు ఒకటే. తేడా అంతా అడుగున ఉండే బొమ్మలోనే. బొమ్మ లేని ఖాళీ డెక్‌లు చెక్క కార్ఖానాల్లో దొరుకుతాయి. వాటిని కొని, బొమ్మ అచ్చేసి, పేరు పెట్టి అమ్మితే అదే కంపెనీ. మిషన్లు, షెడ్డు అక్కర్లేదు. చేతిలో బొమ్మ, కొనే కుర్రాళ్లు ఉంటే చాలు. చిన్న స్కేట్‌బోర్డు కంపెనీలు చాలావరకు ఇలా పుట్టినవే.

డగ్లస్ మైల్స్ దగ్గర బొమ్మ ఉంది. కొడుకు స్కేటింగ్ చేస్తున్నాడు. వాడి బోర్డు మీద తండ్రి అపాచీ బొమ్మ వేసిచ్చాడు. వాడి స్నేహితులు చూసి మాకూ కావాలన్నారు. అంతే, 2002లో కంపెనీ మొదలైంది. ఆదివాసీలు సొంతంగా పెట్టుకున్న మొదటి స్కేట్‌బోర్డు కంపెనీల్లో ఇదొకటి.

ఆయన బొమ్మలు చూస్తే స్టెన్సిల్ పని, స్ప్రే రంగు, గోడల మీద వేసే తరహా. పాత ఫోటోల్లోని తుపాకీ పట్టిన యోధులు అందులో ఉంటారు. ఫోటోగ్రాఫర్లు పట్టుకెళ్లినదాన్ని వెనక్కి తెచ్చుకున్నట్టు. పక్కనే ఇప్పటి మనుషులూ ఉంటారు. మ్యూజియం అద్దం వెనక ఉండే గతం ఒక్కటే అపాచీ అంటే ఆయన ఒప్పుకోడు. కంపెనీతోపాటే రిజర్వేషన్ పిల్లలతో ఒక జట్టు కట్టాడు. ఊళ్లు తిరిగి స్కేటింగ్ చూపించారు, వీడియోలు తీశారు, గోడల మీద బొమ్మలు వేశారు.

ఆ పిల్లలకి దీనివల్ల ఏం ఒరిగింది అని అడిగేవాళ్లుంటారు. రిజర్వేషన్లలో తాగుడు, నిరుద్యోగం, కుర్రవాళ్ల ఆత్మహత్యలు ఎంత బరువో అక్కడివాళ్లకి తెలుసు. మన హాస్టళ్లలోంచి వచ్చే వార్తలు మనకీ తెలుసు. చెక్కముక్క అదంతా మార్చేస్తుందని మేం చెప్పం. కానీ స్కేట్‌బోర్డు మీద పడకుండా ఎవరూ నేర్చుకోరు. పదిసార్లు పడ్డవాడు పదకొండోసారి లేస్తుంటే చుట్టూ తనలాంటివాళ్లే నిలబడి ఉండటం, కాలి కింద తన జాతి బొమ్మ ఉండటం చిన్న సంగతని మేం అనుకోం.

మైల్స్ ఒంటరిగా కూడా లేడు. వైట్ మౌంటెన్ అపాచీ సినిమావాడు డస్టిన్ క్రెయిగ్ ‘4 వీల్ వార్‌పోనీ’ నడిపాడు. పేరులో తమాషా చూడండి, నాలుగు చక్రాల యుద్ధగుర్రం! లెనాపే మూలాలున్న జిమ్ మర్ఫీ ‘వూండెడ్ నీ స్కేట్‌బోర్డ్స్’ పెట్టాడు. 1890 డిసెంబరులో లకోటాలని సైన్యం ఊచకోత కోసిన చోటు పేరు అది. ఆయనా కలిసి పనిచేయగా 2011లో లకోటాల పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో స్కేట్‌పార్క్ వచ్చింది.

2009లో వాషింగ్టన్‌లోని జాతీయ అమెరికన్ ఇండియన్ మ్యూజియం ‘రాంప్ ఇట్ అప్’ అని ఆదివాసీ స్కేట్‌బోర్డుల మీద ప్రదర్శన పెట్టింది. మైల్స్ పని అందులో ఉంది. 1973 నాటి ఇంటి వీడియో ఒకటి కూడా పెట్టారు. అందులో కాలిఫోర్నియాలోని పేరున్న జెఫిర్ సర్ఫ్ జట్టులో ఆడిన తావారెస్ సోదరులు, టోంగ్వా జాతివాళ్లు, కనిపిస్తారు. ఈ ఆటలోకి ఆదివాసీలు నిన్నామొన్న వచ్చినవాళ్లు కాదన్నమాట.

పేరు మీద హక్కు సంగతి కూడా చెప్పాలి. ఆదివాసీలు చేయని వస్తువుని ఆదివాసీ కళ అని అమ్మితే నేరం అని అమెరికాలో 1990లో చట్టం వచ్చింది. అయినా అర్బన్ అవుట్‌ఫిటర్స్ అనే బట్టల కంపెనీ లోదుస్తులకి, మందు సీసాకి కూడా నవాహో పేరు పెట్టింది. నవాహో నేషన్ 2012లో కేసు వేస్తే 2016లో రాజీతో ముగిసింది. నవాహోలది పెద్ద జాతి, లాయర్లని పెట్టుకోగలిగారు. చిన్న జాతులకి ఆ స్తోమత ఉండదు. మైల్స్ దారి వేరే. పేరు మాదని కోర్టుకి వెళ్లకుండా, ఆ పేరుతో తనే సరుకు తయారుచేసి బజార్లో పెట్టాడు. ఈ దారికి పరిమితి ఉంది, దాచక్కర్లేదు: చిన్న కంపెనీ చిన్నదిగానే ఉంది, హెలికాప్టర్ పేరు మారలేదు.

మన దగ్గర? మధ్యప్రదేశ్ పన్నా జిల్లా జన్వార్ ఊళ్లో 2015లో ఉల్రికే రైన్‌హార్డ్ అనే జర్మన్ మహిళ స్కేట్‌పార్క్ కట్టించింది. అక్కడ రెండే నియమాలు: బడికి రాకపోతే స్కేటింగ్ లేదు, ముందు ఆడపిల్లలకి. అక్కడ నేర్చుకున్న ఆశా గోండ్ 2018లో చైనాలోని నాన్జింగ్‌లో ప్రపంచ పోటీల్లో మన దేశం తరఫున ఆడింది. గోండు బిడ్డ, మన ఆదిలాబాద్ గోండుల చుట్టమే అనుకోండి.

మన గ్రూపులో సవర బొమ్మలు వేసేవాళ్లు, గుస్సాడీ టోపీలు కట్టేవాళ్లు, స్క్రీన్ ప్రింటింగ్ పని తెలిసినవాళ్లు ఉన్నారని మాకు తెలుసు. ఎవరి బొమ్మ ఎక్కడ అమ్ముడవుతోంది, కింద ఎవరి పేరుంటోంది, చేతికి ఎంత వస్తోంది రాసి పంపండి. వచ్చే పోస్టు వాటి మీదే రాద్దాం అనుకుంటున్నాం.