శవపరీక్షలో శిశుకాలేయం: విశాఖపట్నం కణజాల అధ్యయనాలు - చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

పొట్ట ఉబ్బి, కాలేయం గట్టిపడి, చివరకు కామెర్లతో పసిపిల్లలను బలిగొన్న వ్యాధి ఒకటి దాదాపు శతాబ్దకాలం భారతీయ వైద్యులను వేధించింది. ఎక్కువగా ఏడాది నుండి మూడేళ్ల వయసు పిల్లలు దీనికి గురయ్యేవారు. 1887లో కలకత్తాలో సేన్ దీనిని వైద్యుల దృష్టికి తెచ్చారు. మొదట ‘శిశు సిర్రోసిస్’ అనీ, తరువాత ‘భారతీయ బాల్య సిర్రోసిస్’ అనీ ఇది వ్యవహారంలోకి వచ్చింది. ఈ వ్యాధిని గుర్తించడంలో శవపరీక్ష ద్వారా లభించిన కణజాలం ఎంతవరకు తోడ్పడిందో, ఎక్కడ ఆగిపోయిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. విశాఖపట్నం అధ్యయనాలు:

విశాఖపట్నంలో 1923లో వైద్య కళాశాల ఏర్పడింది. 1940లో అది ఆంధ్ర వైద్య కళాశాల అయింది. విశాఖపట్నం పిల్లల్లో కనిపించే కాలేయ వ్యాధులపై టి.ఎస్. తిరుమూర్తి, ఎం.వి. రాధాకృష్ణారావు 1934లో వ్యాసం ప్రచురించారు. మరుసటి సంవత్సరం రాధాకృష్ణారావు శిశు సిర్రోసిస్‌లో కాలేయ కణజాల నిర్మాణాన్ని ప్రత్యేకంగా వివరించారు. తెలుగునేలపై పిల్లల కాలేయ వ్యాధిని సూక్ష్మదర్శిని కింద క్రమబద్ధంగా చదివిన తొలితరం రచనలలో ఇవి చెప్పుకోదగినవి.

3. కణజాలం చెప్పిన విషయం:

శవపరీక్షలో తీసిన కాలేయపు ముక్కను ఫార్మలిన్‌లో నిలవచేసి, మైనంలో పొదిగి, పలుచని పొరలుగా కోసి, రంగులద్ది పరిశీలిస్తారు. ఈ వ్యాధిలో కాలేయ కణాలు ఉబ్బి కనిపిస్తాయి. ఒక్కొక్క కణాన్ని చుట్టుకొని నారకణజాలం పెరుగుతుంది. దెబ్బతిన్న కాలేయం తిరిగి పెరిగే లక్షణం స్వల్పంగా ఉంటుంది. కణాల లోపల ‘మెలరీ హయలిన్’ అనే పదార్థం పేరుకుంటుంది. 1911లో మెలరీ దీనిని వర్ణించినది మద్యపానంతో చెడిన కాలేయాల్లో. మద్యం ఎరుగని పసివాళ్లలోనూ అదే కనిపించడం పరిశోధకులకు చిక్కుముడి అయింది. ఇది సాధారణ సిర్రోసిస్ కాదనీ, కాలేయ కణానికే ఏదో విషప్రభావం తగులుతున్నదనీ అనుమానించడానికి ఈ లక్షణం ఆధారమైంది.

4. శవపరీక్ష పరిమితులు:

శవపరీక్ష వ్యాధి చివరి దశనే చూపుతుంది. ఆరంభంలో ఏం జరిగిందో ఊహించవలసిందే. మరణానంతరం కణాలు త్వరగా శిథిలమవడం మరొక ఇబ్బంది. పైగా ఆసుపత్రికి చేరి, అక్కడ మరణించి, కుటుంబం సమ్మతించిన పిల్లల కాలేయాలే పరిశీలనకు వస్తాయి. గోదావరి తీరాన పినపాక, భద్రాచలం వంటి అటవీ ప్రాంతాల్లో ఇంటివద్దే కన్నుమూసిన పిల్లలు ఇటువంటి లెక్కల్లోకి రారు. కాబట్టి ఆసుపత్రి శవపరీక్షల సంఖ్యను బట్టి ఒక ప్రాంతంలో వ్యాధి ఎంత ఉందో నిర్ణయించడం సాధ్యం కాదు. సూదితో బతికున్న రోగి కాలేయం నుండి ముక్క తీసే పద్ధతి వ్యాపించాక మొదటి లోపం కొంత తీరింది.

5. రాగి జాడ:

సాధారణంగా వాడే హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులకు రాగి చిక్కదు. ఆర్సీన్ రంగు వాడినప్పుడు రాగిని పట్టి ఉంచే ప్రోటీన్ ముదురు గోధుమ రేణువులుగా బయటపడింది. ఎండిన కాలేయంలో గ్రాముకు సాధారణంగా 50 మైక్రోగ్రాముల లోపు ఉండే రాగి, ఈ పిల్లల్లో అనేక రెట్లు అధికంగా ఉందని 1979లో టానర్, పోర్ట్‌మన్, పండిట్ తదితరులు ప్రకటించారు. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో కాచి నిలవచేసిన పాలను పసితనంలోనే పట్టడం కారణం కావచ్చని 1983లో టానర్, భావే, పండిట్ తదితరులు సూచించారు. పాలలోని కేసిన్ రాగిని పట్టుకొని శిశువు దేహంలోకి చేరుస్తుంది. జన్యుపరమైన కారణమూ తోడై ఉండవచ్చునన్న వాదన కొనసాగింది. స్టీలు, అల్యూమినియం పాత్రలు ఇళ్లలో స్థిరపడి, పాలు కాచే పద్ధతి మారిన తరువాత వ్యాధి అరుదైపోయింది.

6. ముగింపు:

1930ల నాటి విశాఖ అధ్యయనాలు కాలేయంలో జరిగిన విధ్వంసాన్ని వివరించాయి. దాని కారణాన్ని చూపగల రంగు అప్పటి పరిశీలనలో లేదు. అయినా ఆ కణజాల వర్ణనలు లేకపోతే ఈ వ్యాధిని ఇతర కాలేయ వ్యాధుల నుండి వేరుచేయడం, ఆపై రాగిని వెదకడం సాధ్యమయ్యేవి కావు. కారణం చివరకు వంటింటి పాత్రలో దొరికింది. కణజాల పరీక్షతోపాటు బిడ్డ ఏ పాలు, ఏ పాత్రలో తాగిందో అడిగిన తరువాతే ఈ వ్యాధి చరిత్ర పూర్తయిందని గ్రహించాలి.