కళ్ళజోడు ఉంటే ఉద్యోగానికి పనికిరారా? విమానం ఎక్కిన నర్సుల కథ

ఈ రోజు మనం మాట్లాడుకోబోయే వస్తువు మీలో చాలామంది ముక్కు మీదే ఉండి ఉంటుంది. కళ్ళజోడు. ఫోన్ చూసి చూసి సైటు తెచ్చుకున్నావని ఇంట్లో తిట్లు తిన్న బ్యాచ్ ఎలాగూ ఉంటారు, వాళ్ళకి ప్రత్యేకంగా నమస్తే.

ప్రశ్న ఏంటంటే, కళ్ళజోడు ఉందని ఒక మనిషికి ఉద్యోగం ఇవ్వకుండా ఉండొచ్చా? ఇచ్చాక, "డ్యూటీలో ఉన్నంతసేపూ అది తీసెయ్" అని చెప్పొచ్చా? వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. కానీ దీని మీద కోర్టుల్లో ఏళ్ల తరబడి కేసులు నడిచాయి. ఆ కథ ఎక్కడ మొదలవుతుందో తెలుసా? ఒక నర్సు దగ్గర.

1930, అమెరికా. ఎలెన్ చర్చ్ అనే ఆవిడ శాన్ ఫ్రాన్సిస్కోలో నర్సు. విమానం నడపడం కూడా నేర్చుకుంది. బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ అనే కంపెనీ ఆఫీసుకి వెళ్ళి పైలట్ ఉద్యోగం అడిగింది. ఆడవాళ్ళకి పైలట్ ఉద్యోగమా, ఆ రోజుల్లో? కుదరదన్నారు. ఆవిడ ఊరుకోలేదు. "సరే, విమానంలో నర్సుల్ని పెట్టండి. జనం విమానం ఎక్కడానికి భయపడుతున్నారు, ఎక్కినవాళ్ళు వాంతులు చేసుకుంటున్నారు. నర్సు ఉంటే వాళ్ళకి ధైర్యంగా ఉంటుంది" అన్న ఆలోచన కంపెనీ ముందు పెట్టింది. కంపెనీ మూడు నెలలు ట్రయల్ చూద్దామంది.

1930 మే 15న మొదటి ఫ్లైట్. ఓక్లాండ్ నుంచి షికాగోకి. 14 మంది ప్రయాణికులు, దారిలో 13 చోట్ల ఆగుతూ, మొత్తం 20 గంటలు. మొదట తీసుకున్నది 8 మందిని, అందరూ నర్సులే. జీతం నెలకి 125 డాలర్లు. పని ఏంటనుకుంటున్నారు? నవ్వుతూ కాఫీ ఇవ్వడం ఒక్కటే కాదు. సామాను మోయాలి, ఊడిపోయిన సీట్లకి స్క్రూలు బిగించాలి, అవసరమైతే ఇంధనం నింపడానికి చెయ్యి వెయ్యాలి. వాతావరణం బాగాలేక విమానం మధ్యలో దిగిపోతే ప్రయాణికుల్ని రైల్వే స్టేషన్ దాకా తీసుకెళ్ళాలి. అందుకే రైళ్ళ టైమ్‌టేబుల్ కూడా దగ్గర పెట్టుకునేవాళ్ళు.

ఇంత కష్టమైన పనికి అర్హతలు చూడండి. నర్సింగ్ చదివి ఉండాలి. బాగుంది. పెళ్ళి కాకూడదు. వయసు 25 దాటకూడదు. బరువు 115 పౌండ్లు, అంటే దాదాపు 52 కేజీలు దాటకూడదు. ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు మించకూడదు. ఎత్తుకీ బరువుకీ ఒక కారణం చెప్పుకోవచ్చు, ఆ రోజుల్లో విమానాలు చిన్నవి. పెళ్ళికి ఏ కారణం చెప్తారు?

ఇక్కడే ఈ కథలో అసలు మలుపు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. సైన్యానికి నర్సులు కావాలి. ఎలెన్ చర్చ్ కూడా ఆర్మీ నర్సుగా వెళ్ళి, గాయపడ్డ సైనికుల్ని విమానాల్లో తరలించే పని చేసింది. దాంతో విమాన కంపెనీలు "నర్సు అయి ఉండాలి" అన్న నిబంధన తీసేశాయి. మరి మిగతావి? పెళ్ళి, వయసు, బరువు, రూపం... అవన్నీ అలాగే ఉండిపోయాయి. అంటే పని తెలిసి ఉండాలన్న షరతు పోయింది, ఎలా కనిపించాలన్న షరతులు మిగిలాయి. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

1966కి వద్దాం. న్యూయార్క్ టైమ్స్‌లో ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ వాళ్ళు స్టివార్డెస్ ఉద్యోగాలకి ప్రకటన వేశారు. పెళ్ళి కాకుండా ఉండాలి, భర్త చనిపోయినవాళ్ళనీ విడాకులైనవాళ్ళనీ పిల్లలు లేకపోతేనే చూస్తారు, ఎత్తు ఇంత, బరువు ఇంత. చివర్లో కళ్ళ సంగతి. కళ్ళజోడు లేకుండా కనీసం 20/40 చూపు ఉండాలట. మన కంటి డాక్టర్ల లెక్కలో దాదాపు 6/12. అంటే మామూలు చూపున్నవాళ్ళు 40 అడుగుల నుంచి చదివే అక్షరాన్ని మీరు 20 అడుగుల నుంచైనా చదవాలి. అద్దాలు పెట్టుకుంటే ఇంకా బాగా చదవగలను అంటే? కుదరదు. అద్దాలు లేకుండానే.

సరే, విమానంలో ప్రమాదం జరిగితే అద్దాలు ఊడిపోవచ్చు కదా, భద్రత కోసమేమో అని మీకు అనిపించొచ్చు. న్యాయమైన సందేహమే. దానికి జవాబు నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ కేసులో దొరుకుతుంది.

ఆ కంపెనీలో మేరీ పాట్ లాఫీ అనే ఉద్యోగి 1970లో కోర్టుకి వెళ్ళింది. ఆడవాళ్ళకి స్టివార్డెస్ అని ఒక పేరు, మగవాళ్ళకి పర్సర్ అని ఇంకో పేరు. చేసే పని దాదాపు ఒకటే, జీతం మాత్రం మగవాళ్ళకి ఎక్కువ. మధ్యలో రాత్రి ఆగాల్సి వస్తే మగవాళ్ళకి తలా ఒక గది, ఆడవాళ్ళకి ఇద్దరికి కలిపి ఒక గది. బరువు చూసేది ఆడవాళ్ళకే. ఇక కళ్ళజోడు. మగవాళ్ళు పెట్టుకోవచ్చు. ఆడవాళ్ళు పెట్టుకోకూడదు. అదే విమానం, అదే ప్రమాదం, అదే అద్దం. మగవాడి ముక్కు మీద ఉంటే ఊడిపడనిది, ఆడమనిషి ముక్కు మీద ఉంటే ఎలా ఊడిపడుతుంది? 1973లో కోర్టు ఇది వివక్షే అని తీర్పు చెప్పింది. కంపెనీ అప్పీళ్లకి వెళ్ళింది, డబ్బు లెక్కలు తేలేసరికి 1980ల దాకా సాగింది. చివరికి ఉద్యోగులకి కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది.

అదే రోజుల్లో ఇంకో వాదన కూడా కోర్టులో ఓడిపోయింది. "మేం ఏం చెయ్యమండీ, కస్టమర్లకి అలా ఉంటేనే ఇష్టం" అనే వాదన. సెలియో డియాజ్ అనే మగాయన కేబిన్ ఉద్యోగం అడిగితే, ప్రయాణికులు ఆడవాళ్ళనే కోరుకుంటున్నారని పాన్ ఆమ్ కంపెనీ కాదంది. 1971లో అప్పీల్ కోర్టు ఏం చెప్పిందంటే, విమాన కంపెనీ అసలు పని జనాన్ని క్షేమంగా చేర్చడం. కస్టమర్ల ఇష్టం సాకుతో చట్టాన్ని పక్కన పెట్టడం కుదరదు.

మన దేశం ఏమైనా తీసిపోయిందా? ఎయిర్ ఇండియాలో ఎయిర్ హోస్టెస్‌లు అప్పట్లో 35 ఏళ్ళకి రిటైర్ అవ్వాల్సి ఉండేది. ఉద్యోగంలో చేరిన 4 ఏళ్ళలోపు పెళ్ళి చేసుకుంటే ఇంటికే. మొదటిసారి గర్భం వస్తే ఇంటికే. నర్గీస్ మీర్జా కేసులో 1981లో సుప్రీం కోర్టు ఆ గర్భం నిబంధనని కొట్టేసింది. పెళ్ళి నిబంధనని మాత్రం సమర్థించింది. అంటే కోర్టుకి వెళ్ళిన ప్రతిసారీ మొత్తం గెలుపు రాదు. అది కూడా చరిత్రే.

ఇవన్నీ పాతకాలం ముచ్చట్లు అనుకుంటున్నారా? 2018 ఏప్రిల్‌లో దక్షిణ కొరియాలో ఎంబీసీ ఛానల్ న్యూస్ రీడర్ ఇమ్ హ్యోన్-జు కళ్ళజోడు పెట్టుకుని పొద్దుటి వార్తలు చదివింది. అది దేశమంతా చర్చ అయింది! మగ యాంకర్లు ఎన్నో ఏళ్ళుగా పెట్టుకుంటున్నారు, ఎవరూ పట్టించుకోలేదు. తెల్లారకముందే లేచి, లెన్సులూ కృత్రిమ కనురెప్పలూ పెట్టుకుని, కళ్ళు మండి చుక్కల మందు వేసుకునే బాధ తప్పిందని ఆవిడ చెప్పింది. ఆ తర్వాత జేజు ఎయిర్ కంపెనీ తన కేబిన్ సిబ్బందిని కళ్ళజోడు పెట్టుకోనిచ్చింది.

2019 నవంబర్‌లో జపాన్ వంతు. కొన్ని కంపెనీలు ఆడ ఉద్యోగుల్ని కళ్ళజోడు పెట్టుకోవద్దంటున్నాయని అక్కడి మీడియాలో వచ్చింది. కారణాలు వినండి. విమాన కంపెనీలో భద్రత అట. బ్యూటీ కంపెనీలో మేకప్ సరిగ్గా కనపడదట. షాపుల్లో అద్దాలతో ముఖం చల్లగా, అంటే కలుపుగోలుతనం లేనట్టు కనిపిస్తుందట. సంప్రదాయ రెస్టారెంట్లలో కిమోనోకి నప్పదట. ఒక్క వస్తువుకి ఇన్ని కారణాలు! "కళ్ళజోడు నిషేధం" అనే హ్యాష్‌ట్యాగ్ ట్రెండ్ అయింది. అదే ఏడాది మొదట్లో యుమి ఇషికావా అనే నటి, పనిలో హై హీల్స్ తప్పనిసరి చెయ్యడం మీద పోరాటం మొదలుపెట్టింది. దాని పేరు కూటూ. జపనీస్‌లో 'కుత్సు' అంటే చెప్పులు, 'కుత్సూ' అంటే నొప్పి. మీటూని గుర్తుచేసేలా ఆ రెండూ కలిపి పెట్టిన పేరు. 18,000 మందికి పైగా సంతకాలు చేసిన వినతిపత్రం ఇస్తే, అప్పటి కార్మిక మంత్రి హీల్స్‌ని వృత్తికి అవసరమైనదిగా సమాజం ఒప్పుకుంటోందన్నట్టు మాట్లాడారు. అయినా 2020లో జపాన్ ఎయిర్‌లైన్స్ తన సిబ్బందికి హీల్స్ తప్పనిసరి అన్న నిబంధన తీసేసింది.

ఇక మన ఇళ్ళ సంగతి. పెళ్ళిచూపులప్పుడు "ఆ కళ్ళజోడు కాసేపు తీసెయ్యమ్మా" అనే మాట వినని ఆడపిల్ల ఉందా? బళ్ళో 'సోడాబుడ్డి' అని పిలిపించుకున్నవాళ్ళు ఎంతమంది? ఉద్యోగంలో నిబంధన ఊరికే పుట్టదు, మన నోటి మాటల్లోంచే పుడుతుంది.

మా పిన్ని కూతురు బీఎస్సీ నర్సింగ్ చేసింది. ఒక ప్రైవేటు హాస్పిటల్‌లో ఇంటర్వ్యూకి వెళ్ళింది. డబ్బున్న పేషెంట్లు ఉండే స్పెషల్ రూముల్లో పోస్టింగ్. అన్నీ అడిగాక చివర్లో, "లెన్సులు పెట్టుకుంటావా? అద్దాలతో అంత బాగోదు" అన్నారట. ఉద్యోగం అవసరం, సరే అంది. నైట్ డ్యూటీలు మొదలయ్యాక తెల్లారేసరికి కళ్ళు ఎర్రగా మంకెన పువ్వుల్లా అయ్యేవి. పక్క వార్డులో బ్రదర్స్ హాయిగా కళ్ళజోళ్ళతో తిరుగుతున్నారు. కొన్ని నెలలకి దాన్ని ఐసీయూకి మార్చారు. అక్కడ కళ్ళజోడు పెట్టుకుంటే ఎవ్వరూ ఒక్క మాట అనలేదు. ఆలోచించండి. ప్రాణం మీదకి వచ్చిన పేషెంటు దగ్గర లేని నిబంధన, టీవీ చూస్తూ కోలుకుంటున్న పేషెంటు దగ్గర ఎందుకు?

నర్సుకి కళ్ళు ఎందుకో చూద్దాం. మన దేశంలో ఇన్సులిన్ సిరంజిలు రెండు రకాలు. 40 యూనిట్లది ఎర్ర మూత, 100 యూనిట్లది నారింజ మూత. అర్ధరాత్రి మసక వెలుతురులో ఆ గీతలు తప్పు చదివితే పేషెంటు షుగర్ పడిపోతుంది. అక్కడ కావాల్సింది స్పష్టంగా కనపడే చూపు. అది ముక్కు మీద అద్దంలోంచి వస్తే ఏంటి, కంట్లో లెన్సులోంచి వస్తే ఏంటి? పైగా లెన్సులు పెట్టడానికీ తియ్యడానికీ చేత్తో కన్ను ముట్టుకోవాలి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అమెరికా కంటి డాక్టర్ల అకాడమీ, లెన్సుల బదులు కొన్నాళ్ళు కళ్ళజోడు వాడే సంగతి ఆలోచించమని జనానికి చెప్పింది. అలాగని మామూలు కళ్ళజోడు రక్షణ ఇచ్చే గాగుల్స్‌కి ప్రత్యామ్నాయం కాదు. రక్తం చిమ్మే చోట కళ్ళజోడు మీద గాగుల్స్ కానీ ఫేస్ షీల్డ్ కానీ పెట్టాల్సిందే. అది న్యాయమైన నిబంధన, ఎందుకంటే అది కన్నుని కాపాడుతుంది.

అంటే కళ్ళ మీద పెట్టే ప్రతి నిబంధనా అన్యాయం కాదు. మన రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కి అద్దాలు లేకుండా 6/6 చూపు ఉండాలి. కష్టమైన నిబంధనే. కానీ అది నోటిఫికేషన్‌లో రాసి ఉంటుంది, ఆడా మగా అందరికీ ఒకటే, సిగ్నల్ చూడటానికి సంబంధించింది. అమెరికాలో కరెన్ సటన్, కింబర్లీ హింటన్ అనే కవల అక్కచెల్లెళ్ళు అప్పటికే పైలట్లు. అద్దాలతో వాళ్ళ చూపు 20/20. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ మాత్రం అద్దాలు లేకుండా 20/100 ఉండాలని తీసుకోలేదు. 1999లో సుప్రీం కోర్టులో వాళ్ళు ఓడిపోయారు. కానీ 2008లో చట్టాన్ని సవరించి, అద్దాలు లేని చూపుని బట్టి అర్హత పెడితే అది ఆ పనికి నిజంగా అవసరమని యజమానే చూపించాలన్నారు.

కాబట్టి ఇలాంటి నిబంధన ఎదురైతే మూడు ప్రశ్నలు వెయ్యండి. ఇది ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఒకటేనా? ఇది నా కళ్ళు చూడటం గురించా, నా ముఖం కనపడటం గురించా? కాగితం మీద రాసి ఉందా, లేక నోటి మాటేనా? మూడో ప్రశ్న చాలా పవర్‌ఫుల్. "రూల్ కాపీ ఒకటి ఇస్తారా మేడమ్" అని మర్యాదగా అడిగితే చాలా రూల్స్ అక్కడే మాయమైపోతాయి. మన 1976 సమాన వేతన చట్టం కేవలం జీతం గురించే కాదు, ఒకే పనికి ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడవాళ్ళ మీద వివక్ష చూపకూడదని కూడా చెప్పింది, ప్రైవేటు సంస్థలకి కూడా. తర్వాత 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ మాట ఉంది.

నర్సింగ్ చదువుతున్న చెల్లెళ్ళు, తమ్ముళ్ళు మీ ఇంట్లో ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి పంపండి. సైటు పెరిగితే చెక్ చేయించుకోండి, సిగ్గుపడి అద్దాలు బ్యాగులో దాచుకోకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, నమస్తే.