కోటా రామస్వామి: డేవిస్ కప్ నుంచి టెస్ట్ క్రికెట్ వరకు

కాలాపేట (పుదుచ్చేరి): ఒక ఆటలో దేశానికి ప్రాతినిధ్యం వహించడమే అరుదైన గౌరవం. రెండు వేర్వేరు ఆటల్లో, అదీ పద్నాలుగేళ్ల వ్యవధిలో, భారతదేశం తరఫున బరిలోకి దిగిన క్రీడాకారుడు కోటా రామస్వామి. మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించిన ఆయన 1922లో డేవిస్ కప్ టెన్నిస్‌లోనూ, 1936లో ఇంగ్లండ్‌పై టెస్ట్ క్రికెట్‌లోనూ ఆడారు. టెస్టుల్లో అడుగుపెట్టే నాటికి ఆయన వయస్సు నలభై దాటింది. ఇంతటి క్రీడాజీవితం గడిపిన ఆయన 1985లో ఇంటి నుంచి బయటికి వెళ్లి తిరిగి రాలేదు.

కుటుంబ నేపథ్యం

రామస్వామి 1896 జూన్ 16న మద్రాసులో జన్మించారు. మద్రాసు క్రికెట్‌కు పితామహుడిగా పేరుపొందిన బుచ్చిబాబు నాయుడుకు ఆయన చిన్న కుమారుడు. మాతామహుని కుటుంబానికి దత్తత వెళ్లడం వల్ల ఆయనకు కోటా అనే ఇంటిపేరు వచ్చింది. ఆయన సోదరులు కూడా మద్రాసు మైదానాల్లో పేరు తెచ్చుకున్న ఆటగాళ్లే.

ఆ కుటుంబానికి క్రికెట్ కాలక్షేపం మాత్రమే కాదు, ఆత్మగౌరవానికి సంబంధించిన విషయం కూడా. 1846లో ఏర్పడిన మద్రాసు క్రికెట్ క్లబ్ ఆంగ్లేయులకే పరిమితమై ఉండేది. భారతీయులకు అందులో సభ్యత్వం లేదు. ఈ పరిస్థితికి సమాధానంగా బుచ్చిబాబు 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్‌ను స్థాపించారు. ఆటగాళ్లను చేరదీసి, శిక్షణకు కావలసిన సామగ్రి సమకూర్చి, ఆంగ్లేయులతో సమానంగా పోటీపడగల జట్టును తయారుచేశారు. మద్రాసు క్రికెట్ క్లబ్‌కు, భారతీయులకు మధ్య పోటీ జరగాలన్నది ఆయన ఆశయం. ఆ ఏర్పాట్లు సాగుతుండగానే 1908లో ఆయన కన్నుమూశారు. అప్పటికి రామస్వామి వయస్సు పన్నెండేళ్లు.

తండ్రి తలపెట్టిన పోటీ తరువాతి కాలంలో ప్రెసిడెన్సీ మ్యాచ్‌గా స్థిరపడింది. యూరోపియన్లకు, భారతీయులకు మధ్య సంక్రాంతి రోజుల్లో చెపాక్ మైదానంలో జరిగే ఈ పోటీని చూడడానికి నగరమంతా కదిలివచ్చేది. 1915-16 సీజన్‌లో రామస్వామి ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లోకి ప్రవేశించింది కూడా భారతీయుల జట్టు ద్వారానే. ఎడమచేతి వాటం బ్యాటర్‌గా, బంతిని బలంగా బాదే ఆటగాడిగా ఆయనకు త్వరలోనే గుర్తింపు లభించింది.

కేంబ్రిడ్జ్‌లో టెన్నిస్

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువు ముగిశాక రామస్వామి 1919లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ ఆయనకు పేరు తెచ్చిపెట్టిన ఆట క్రికెట్ కాదు. విశ్వవిద్యాలయం తరఫున టెన్నిస్ ఆడి, అత్యున్నత క్రీడా గౌరవమైన 'బ్లూ' సాధించారు. క్రికెట్‌లో ఆ గౌరవం ఆయనకు దక్కలేదు.

భారతదేశం డేవిస్ కప్‌లో తొలిసారి పాల్గొన్నది 1921లో. మరుసటి ఏడాదే రామస్వామికి జట్టులో చోటు లభించింది. 1922లో భారత జట్టు రొమేనియాను ఓడించి, తరువాతి దశలో స్పెయిన్ చేతిలో ఓటమి చవిచూసింది. వింబుల్డన్ పచ్చిక మైదానాలపైనా ఆయన ఆడారు. ఇరవయ్యారేళ్ల వయస్సులో ఆయనను ఎవరైనా పరిచయం చేయవలసి వస్తే టెన్నిస్ క్రీడాకారుడనే చెప్పేవారు. భారతదేశం అప్పటికింకా ఒక్క క్రికెట్ టెస్ట్ కూడా ఆడలేదు.

ఉద్యోగం, ఆట

కేంబ్రిడ్జ్ నుంచి తిరిగివచ్చాక ఆయన మద్రాసు ప్రభుత్వ వ్యవసాయ శాఖలో ఉద్యోగం చేశారు. ఆ కాలంలో ఆట జీవనాధారం కాదు. క్రికెటర్‌కు గానీ టెన్నిస్ క్రీడాకారుడికి గానీ జీతభత్యాలు లేవు. ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికినప్పుడు ఆడుకోవలసిందే. విదేశీ పర్యటన అంటే నెలల తరబడి విధులకు దూరం కావలసి ఉంటుంది. ఈ పరిమితుల మధ్యనే ఆయన టెన్నిస్, క్రికెట్ రెండింటినీ కొనసాగించారు.

1932లో సి.కె.నాయుడు సారథ్యంలో భారత జట్టు లార్డ్స్‌లో తన మొదటి టెస్ట్ ఆడినప్పుడు రామస్వామి వయస్సు ముప్ఫయ్యారు. క్రీడాకారుల్లో చాలామంది విరమణ గురించి ఆలోచించే వయస్సది. ఆయనకు అసలైన అవకాశం మరో నాలుగేళ్ల తరువాత వచ్చింది.

1936 పర్యటన

విజయనగర రాజవంశీయుడైన విజ్జీ సారథ్యంలో 1936లో భారత జట్టు ఇంగ్లండ్‌లో పర్యటించింది. జట్టులో వర్గాలు ఏర్పడి, క్రమశిక్షణ పేరుతో లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే స్వదేశానికి పంపివేయడంతో ఆ పర్యటన వివాదాస్పదంగా మారింది. లార్డ్స్‌లో మొదటి టెస్ట్ ఓడిపోయింది. జులై 25న మాంచెస్టర్‌లో మొదలైన రెండో టెస్ట్‌లో రామస్వామికి చోటు దక్కింది. ఆ పదకొండు మందిలో సారథి విజ్జీ, సి.కె.నాయుడు, ఆయన తమ్ముడు సి.ఎస్.నాయుడు, రామస్వామి కలిపి నలుగురికి తెలుగు మూలాలుండడం విశేషం.

తొలి ఇన్నింగ్స్‌లో భారత్ 203 పరుగులకే ఆలౌటైంది. అందులో రామస్వామివి 40. హేమండ్ 167 పరుగులు చేయగా ఇంగ్లండ్ 8 వికెట్లకు 571 వద్ద డిక్లేర్ చేసింది. 368 పరుగుల వెనుకబాటుతో రెండో ఇన్నింగ్స్ మొదలుపెట్టిన భారత్‌కు విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ మొదటి వికెట్‌కు 203 పరుగులు జోడించారు. ఇద్దరూ సెంచరీలు సాధించారు. ఒకే రోజు రెండు జట్లూ కలిసి 588 పరుగులు చేసిన టెస్ట్ అది. ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

చరిత్రలో మర్చంట్, ముస్తాక్ అలీల భాగస్వామ్యమే ఎక్కువగా గుర్తుండిపోయింది. అయితే వారు వెనుదిరిగాక ఇన్నింగ్స్ కుప్పకూలి ఉంటే ఆ శ్రమ వృథా అయ్యేది. రామస్వామి చేసిన 60 పరుగులు ఆ ప్రమాదాన్ని తప్పించడానికి తోడ్పడ్డాయి. భారత్ 5 వికెట్లకు 390 పరుగులు చేసి మ్యాచ్‌ను డ్రాగా ముగించింది.

ఓవల్‌లో జరిగిన మూడో టెస్ట్‌లో ఆయన 29, 41 నాటౌట్ స్కోర్లు చేశారు. రెండో ఇన్నింగ్స్‌లో ఇంగ్లండ్ సారథి అలెన్ ఏడు వికెట్లు పడగొట్టినా రామస్వామి అజేయంగా నిలిచారు. మ్యాచ్‌ను ఇంగ్లండ్ 9 వికెట్ల తేడాతో గెలుచుకుంది.

ఆయన టెస్ట్ జీవితం అంతటితో ముగిసింది. రెండు టెస్టులు, నాలుగు ఇన్నింగ్స్, 170 పరుగులు, సగటు 56.66. నాలుగు ఇన్నింగ్స్‌లో ఒక్కసారి కూడా ఆయన 29 కంటే తక్కువ పరుగులకు ఔట్ కాలేదు. రెండో ప్రపంచ యుద్ధం కారణంగా భారత్ తన తరువాతి టెస్ట్‌ను 1946లో గానీ ఆడలేకపోయింది. అప్పటికి రామస్వామికి యాభై ఏళ్లు. భారత్ తరఫున అత్యధిక వయస్సులో టెస్టుల్లో ప్రవేశించినవారిలో రుస్తోంజీ జంషెడ్జీ తరువాతి స్థానం ఆయనదే.

ఎంచుకోవలసి వచ్చినవారు

రామస్వామి తరంలోనే మద్రాసుకు చెందిన ఎం.జె.గోపాలన్ కూడా రెండు ఆటల్లో దేశానికి ఆడారు. హాకీ జట్టుతో 1935లో న్యూజిలాండ్ వెళ్లిన ఆయనకు 1936లో ఒక కఠిన ప్రశ్న ఎదురైంది: బెర్లిన్ ఒలింపిక్స్ హాకీకి వెళ్లాలా, ఇంగ్లండ్ క్రికెట్ పర్యటనకా? గోపాలన్ క్రికెట్‌ను ఎంచుకున్నారు. హాకీ జట్టు బెర్లిన్‌లో స్వర్ణ పతకం గెలుచుకుంది. ఇంగ్లండ్ పర్యటనలో గోపాలన్‌కు ఒక్క టెస్ట్‌లోనూ ఆడే అవకాశం రాలేదు. రామస్వామి జీవితంలో రెండు ఆటల మధ్య పద్నాలుగేళ్ల ఎడం ఉండడంతో ఆయనకు అలాంటి సందిగ్ధం ఎదురుకాలేదు.

వృత్తి క్రీడలు బలపడిన దేశాల్లో పరిస్థితి వేరు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పరుగులోనూ, రిలేలోనూ స్వర్ణాలు గెలిచిన బాబ్ హేస్ ఆ వేగాన్నే పెట్టుబడిగా చేసుకుని అమెరికన్ ఫుట్‌బాల్‌లోకి వెళ్లారు. డలాస్ కౌబాయ్స్ జట్టులో బంతిని అందుకునే రిసీవర్‌గా స్థిరపడ్డారు. అక్కడ ఒక ఆటలోని నైపుణ్యం మరో ఆటలో జీవనోపాధిగా మారింది. రామస్వామికి రెండు ఆటలూ ఉద్యోగానికి వెలుపలి అభిరుచులుగానే మిగిలాయి.

తరువాతి జీవితం, అదృశ్యం

ఆట విరమించాక కూడా ఆయన క్రికెట్‌కు దూరం కాలేదు. జాతీయ జట్టు సెలెక్టర్‌గా పనిచేశారు. 1952-53లో వెస్టిండీస్ వెళ్లిన భారత జట్టుకు మేనేజర్‌గా వ్యవహరించారు. తన క్రీడానుభవాలను 'రాంబ్లింగ్స్ ఆఫ్ ఎ గేమ్స్ అడిక్ట్' అనే ఆంగ్ల గ్రంథంగా రాశారు. ఒక్క ఆట పేరు చెప్పకుండా ఆటలన్నిటికీ బానిసైనవాడినని చెప్పుకున్న ఆ శీర్షిక ఆయన జీవితానికి సరిగ్గా అతికింది.

1985 అక్టోబర్ 15న, ఎనభై తొమ్మిదేళ్ల వయస్సులో, ఆయన మద్రాసులోని తన ఇంటి నుంచి బయటికి వెళ్లారు. మళ్లీ ఎవరికీ కనిపించలేదు. క్రికెట్ వార్షిక గ్రంథం విజ్డెన్ ఆయనను మరణించినట్లు భావిస్తున్న వారి జాబితాలో చేర్చింది. కొన్ని క్రికెట్ రికార్డుల్లో మరణ కాలం 1990 జనవరి అని కనిపించినా అది అంచనా మాత్రమే.

పుదుచ్చేరి జట్టు 2018-19 సీజన్‌లో రంజీ ట్రోఫీలోకి ప్రవేశించింది. కాలాపేట నుంచి తూర్పు తీర రహదారి మీదుగా ఉత్తరంగా సాగిపోతే, భారతీయులకు ప్రవేశం కోసం బుచ్చిబాబు పోరాడిన చెపాక్ మైదానం వస్తుంది. ఆయన పేరిట 1909లో మొదలైన టోర్నమెంట్ క్రికెట్ అభిమానులకు సుపరిచితం. ఆయన కుమారుడి పేరు మాత్రం రికార్డు పుస్తకాలు తిరగేసేవారికే తెలుసు. నలభై ఏళ్లు దాటాక దొరికిన రెండే అవకాశాలను నూటికి నూరుపాళ్లు వినియోగించుకున్న ఆ క్రీడాకారుడిని నేటి తెలుగు యువత గుర్తుంచుకోవలసి ఉంది.