షిఫ్టు బాధ్యతా, ఆపే అధికారమూ

పరిశ్రమల చరిత్ర వ్రాసేవారు యంత్రాన్ని గురించి వ్రాస్తారు. యంత్రానికి యజమాని అయినవానిని గురించి వ్రాస్తారు. సమ్మె జరిగినప్పుడు కార్మికుని గురించి కూడా వ్రాస్తారు. కాని ఆ ఇద్దరి నడుమ, అర్ధరాత్రి దాటిన తరువాత యంత్రం ముందు కూర్చుని, "దీనిని ఇంకా నడపవచ్చునా, ఆపివేయవలెనా?" అని తేల్చుకోవలసిన మనిషిని గురించి వ్రాసినది చాలా తక్కువ. అతడే షిఫ్టు ఇన్‌ఛార్జి. అతనికి ఆజ్ఞలిచ్చేది యాజమాన్యం. అతనితోపాటు నిద్ర కాచేది కార్మికులు. ప్రమాదం జరగనంతకాలం అతని పేరు ఎవరికీ తెలియదు. జరిగిననాడు మొట్టమొదట వినబడేది అతని పేరే. ఈ స్థితి ఎట్లా ఏర్పడిందో పరిశీలించటం ఈ వ్యాసం వుద్దేశం.

అణు విద్యుత్ కేంద్రంలో ఈ మనిషి స్థానం తేటతెల్లంగా కనబడుతుంది. వికారాబాదు, తాండూరు ప్రాంతంలో అటువంటి కేంద్రం లేదు. రెండు తెలుగు రాష్ట్రాలలో ఎక్కడా లేదు. అయినప్పటికీ ఆ పరిశ్రమతో మనకు సంబంధం లేదనుకోవటం సరికాదు. 1967లో ఎ. ఎస్. రావు ఆధ్వర్యాన హైదరాబాదులో ప్రారంభమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ దేశంలోని రియాక్టర్ల కంట్రోల్ రూములకు పరికరాలు తయారు చేస్తూ వచ్చింది. 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు ఇంధనపు కట్టలు తయారు చేస్తున్నది. మణుగూరు నుంచి భారజలం వెళుతున్నది. అనగా కంట్రోల్ రూములో వెలిగే దీపాలలో మనవాళ్ళ చేతిపని వున్నది. వాటిముందు కూర్చునేవాని పనిని గురించి మాత్రం మనకు తెలిసింది స్వల్పం. తెలుసుకోవటానికి దగ్గరి దారి తాండూరు మీదుగానే వున్నది.

యంత్రం రాకముందు మన పల్లెలలో రాత్రివేళ పని తక్కువ, కాపలా ఎక్కువ. మంచె మీద చేను కాచేవాడు, ఊరు కాచే తలారి, రాత్రిని జాములుగా పంచుకొని మేల్కొనేవారు. పని చేసేది ఒకరు, కావలి కాచేది మరొకరు. ఆపటానికి వీలులేని యంత్రం వచ్చిన తరువాత ఈ రెండూ ఒకటైపోయినాయి. మేల్కొని కనిపెట్టుకొని వుండటమే పని అయినది.

ఈ ప్రాంతానికి అటువంటి యంత్రాన్ని మొదట తెచ్చింది రైలు. వాడి నుంచి సికిందరాబాదుకు నిజాం రాష్ట్ర రైలుమార్గం 1874లో ప్రారంభమైంది. తాండూరూ వికారాబాదూ ఆ మార్గం మీదివే. రైలు రాత్రిని గుర్తించదు. పక్క స్టేషను నుంచి లైను ఖాళీ అని కబురు వచ్చేదాకా బండిని వదలగూడదు; డ్యూటీ మారేటప్పుడు వెళ్ళేవాడు వచ్చేవానికి లైనులో ఏ బండి ఎక్కడ వున్నదో అప్పగించి మరీ వెళ్ళాలి. షిఫ్టు వ్యవస్థకు ప్రాణమైన "అప్పగింత" మన నేలమీద నేర్చుకొన్నది ఇక్కడ.

అయితే ఈ కొత్తరకం శ్రమకు ఎట్లా వెల కట్టాలన్న తగాదా కూడా అప్పుడే పుట్టింది. బ్రిటిషు ఇండియాలో 1930లో రైల్వే చట్టాన్ని సవరించినప్పుడు ఉద్యోగులను రెండు తరగతులుగా విడదీశారు. నిరంతరం పనిలో వుండేవారికి వారానికి 60 గంటలు. మధ్యమధ్య తెరపి వుండే పని అనుకొన్నవారికి 84 గంటలు. అనగా బండి రానివేళ కళ్ళు తెరచుకొని కూర్చోవటం పని కాదన్నమాట! చేతులు కదిలితేనే శ్రమ, కన్నూ చెవీ మనస్సూ కాచుకొని వుంటే విశ్రాంతి అన్నది యజమాని లెక్క. ఈ లెక్కలోని అన్యాయం ఎంతటిదో అణుకేంద్రం సంగతి వచ్చినప్పుడు పూర్తిగా బోధపడుతుంది.

రైలు తరువాత తాండూరుకు సిమెంటు వచ్చింది. ఇక్కడి నాపరాయి తాండూరు బండలుగా దేశమంతటా పేరు పొందింది. ఆ సున్నపురాతి నిల్వల ఆధారంగానే 1980ల దశాబ్దంలో కరన్‌కోట్ దగ్గర సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఫ్యాక్టరీ ఏర్పడింది. ఆ చుట్టుపట్ల ఇతర కంపెనీల ఫ్యాక్టరీలు కూడా వెలిశాయి. సిమెంటు ఫ్యాక్టరీకి గుండెకాయ కిల్న్. అది కొద్దిగా వాలుగా పడుకోబెట్టి తిప్పే పెద్ద ఉక్కు గొట్టం. లోపల ఇటుక పొర. దానిలో రాతిపొడి 1450 డిగ్రీల వేడిలో కాలి క్లింకరు అవుతుంది. దానిని చల్లార్చి మళ్ళీ వెలిగించాలంటే రోజులు పడుతుంది, ఇటుకలు పగులుతాయి, ఇంధనం వృథా అవుతుంది. కాబట్టి వారాల తరబడి, నెలల తరబడి రాత్రింబవళ్ళు తిరుగుతూనే వుండాలి. ఇంకొక విశేషం వున్నది. మంట ఆపివేసినంత మాత్రాన పని ముగియదు. వేడి గొట్టాన్ని కదలకుండా వుంచితే తన బరువుకు తానే వంగిపోతుంది. అందుచేత కరెంటు పోయినా సరే వేరే ఇంజనుతో దానిని మెల్లమెల్లగా తిప్పుతూ వుండవలసిందే. ఆపిన తరువాత కూడా కావలి కాయవలసిన యంత్రమన్నమాట. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొంటే రియాక్టరు స్వభావం సగం తెలిసినట్లే.

ఇటువంటి కొలుములు వున్నచోటనల్లా పనిగంటల ప్రశ్న తీవ్రరూపం దాల్చింది. కొలిమికి ఇరవైనాలుగు గంటలూ మనిషి కావాలి. ఆ ఇరవైనాలుగును ఇద్దరికి పంచాలా, ముగ్గురికి పంచాలా అన్నదే ప్రశ్న. ఇద్దరికి పంచితే యజమానికి లాభం, ముగ్గురికి పంచితే మనిషికి బ్రతుకు. అమెరికా ఉక్కు పరిశ్రమలో పన్నెండు గంటల షిఫ్టు 1923 దాకా సాగింది. పగటి జట్టు రాత్రికి మారే రోజున ఏకబిగిని ఇరవైనాలుగు గంటలు పనిచేయటం కూడా వుండేది. మన దేశంలో జంషెడ్‌పూర్ ఉక్కు ఫ్యాక్టరీ 1912లోనే ఎనిమిది గంటల పనిదినాన్ని ప్రవేశపెట్టింది. 1919లో వాషింగ్టనులో జరిగిన మొదటి అంతర్జాతీయ కార్మిక సమావేశం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని ఒడంబడిక చేసింది; ఆపటానికి వీలులేని పనులలో సగటున వారానికి 56 గంటలదాకా సడలింపు ఇచ్చింది. కాని బ్రిటిషు ఇండియాకు మాత్రం ప్రత్యేకంగా 60 గంటలు! పరాధీన దేశపు కార్మికుని శరీరం వేరే లోహంతో పోతపోసినదన్నట్లు వ్యవహరించారు. 1922లో రోజుకు 11 గంటలు, 1934లో 10 గంటలు, చివరకు 1948 ఫ్యాక్టరీల చట్టంతో రోజుకు 9, వారానికి 48 గంటలు అయినాయి. ఈ అంకెలు తరగటం ఎవరి దయవల్లనో జరిగింది కాదు. ప్రతి గంట వెనుకా పోరాటం వున్నది.

ఇక అణుకేంద్రం సంగతి. మన దేశంలో మొదటిది తారాపూరు. 1969లో విద్యుత్తు ఇవ్వటం ప్రారంభించింది. కిల్న్‌కు చెప్పిన సూత్రం ఇక్కడ మరింత కఠినంగా వర్తిస్తుంది. రియాక్టరులో గొలుసు చర్యను కొద్ది క్షణాలలో ఆపవచ్చు. కాని ఇంధనంలో పుట్టిన రేడియోధార్మిక పదార్థాలు వేడిని విడుదల చేస్తూనే వుంటాయి: ఆపిన క్షణాన పూర్తి శక్తిలో సుమారు ఏడో వంతు కాదు, ఏడు శాతం, ఒక రోజు గడచినా అర శాతం దాకా. శాతంగా స్వల్పమే గాని, నీరు అందకపోతే ఇంధనాన్ని కరిగించటానికి అది చాలు. కాబట్టి కంట్రోల్ రూములో మనిషి లేని క్షణం వుండగూడదు. బదులువాడు వచ్చి బాధ్యత స్వీకరించేదాకా ఉన్నవాడు కదలగూడదు.

అక్కడి శ్రమ ఎటువంటిదో కైగా చూపిస్తుంది. కర్ణాటకలోని ఆ కేంద్రంలో మొదటి యూనిట్ 2016 మే 13 నుంచి 2018 డిసెంబరు 31 దాకా 962 రోజులు ఎడతెగకుండా నడచింది. ఎనిమిది గంటల లెక్కన 2,886 షిఫ్టులు! ఆ షిఫ్టులలో అధికభాగం చెప్పుకోదగిన సంఘటన ఏదీ లేకుండా గడచిపోయి వుంటాయి. అట్లా గడవటమే అక్కడి విజయం. తెరపి వుండే పని అని 1930లో రైల్వేవారు కట్టిన లెక్క ప్రకారం ఇది విశ్రాంతి కావలసి వున్నది!

అయితే మేల్కొని వుంటే చాలునా? చాలదని మూడు రాత్రులు రుజువు చేసినాయి.

మొదటిది 1979 మార్చి 28, అమెరికాలో త్రీమైల్ ఐలండ్. తెల్లవారుజామున నాలుగు గంటలవేళ ఒక వాల్వు తెరుచుకొని మళ్ళీ మూసుకోలేదు. కాని కంట్రోల్ రూములోని దీపం, మూసుకొమ్మని ఆజ్ఞ వెళ్ళిందని మాత్రమే చెప్పేది. మూసుకొన్నదా లేదా అన్నది చెప్పేది కాదు. ఆజ్ఞనే అమలుగా చూపించిన దీపమది! నూరుకు పైగా హెచ్చరికలు ఒక్కసారిగా మోగుతూండగా, నీరు ఎక్కువైనదని భ్రమపడి సిబ్బంది నీటిని తగ్గించారు. రెండు గంటలు దాటిన తరువాత, ఉదయపు షిఫ్టుకు వచ్చిన ఒక ఇన్‌ఛార్జి కొత్త కళ్ళతో చూసి అనుమానించి, 6 గంటల 22 నిమిషాలకు వెనుకనున్న మరొక వాల్వును మూయించాడు. అప్పటికే ఇంధనం చాలావరకు చెడిపోయింది. ఇటువంటి వాల్వు లోపమే 1977లో అమెరికాలోనే డేవిస్-బెస్సే కేంద్రంలో బయటపడింది. ఆ పాఠం ఈ షిఫ్టువారికి చేరనేలేదు. నిద్ర కాచినవాడు మేల్కొనే వున్నాడు, తెలియవలసినది తెలియనివ్వలేదు.

రెండవది 1986 ఏప్రిల్ 26, చెర్నోబిల్. పగటి షిఫ్టులో జరగవలసిన పరీక్ష, విద్యుత్తు కావాలని కీవ్ గ్రిడ్‌వారు కోరటంచేత రాత్రికి వాయిదాపడింది. అర్ధరాత్రి డ్యూటీకి వచ్చిన షిఫ్టు అధిపతి అకిమోవ్. మీటల ముందు ఇరవైఐదేళ్ళ తోప్తునోవ్. పరీక్ష నడిపించటానికి పైఅధికారి, డిప్యూటీ చీఫ్ ఇంజనీరు ద్యాత్లోవ్. షిఫ్టు పేరు ఒకరిది, ఆజ్ఞ మరొకరిది. 1 గంట 23 నిమిషాలకు ఆపే మీట నొక్కారు. కాని ఆ రియాక్టరులో నియంత్రణ కడ్డీలు దిగటం ప్రారంభించిన క్షణాలలో శక్తిని తగ్గించటానికి బదులు పెంచే లోపం వున్నది. 1983లో ఇగ్నలీనా కేంద్రంలో బయటపడిన ఆ లోపాన్ని మీట నొక్కేవారికి చెప్పలేదు. అకిమోవ్, తోప్తునోవ్ మే నెల మధ్యలోగా మరణించారు. అంతర్జాతీయ నిపుణుల మొదటి నివేదిక ప్రధానంగా సిబ్బందినే తప్పుపట్టింది. 1992 నాటి రెండవ నివేదిక నిర్మాణ లోపాలను, యావత్తు వ్యవస్థలోని నిర్లక్ష్యాన్ని ముందుకు తెచ్చింది. అప్పటికి నేరస్థులెవరో లోకం నిర్ణయించుకొని ఆరేళ్ళయింది. సమసమాజం పేరిట నడచిన రాజ్యంలో ఇట్లా జరగటం మన పక్షంవారు దాటవేయగూడని సంగతి. శ్రమజీవి పేరుతో నడచినా, రహస్యం శ్రమజీవినే కాటువేస్తుంది.

మూడవది మన దేశంలోనిదే: 1993 మార్చి 31, ఉత్తరప్రదేశ్‌లోని నరోరా. తెల్లవారుజామున మూడున్నర గంటలకు టర్బైను రెక్కలు విరిగి, హైడ్రోజను అంటుకొన్నది. తంతులు కాలి కేంద్రమంతా చీకటైంది. షిఫ్టువారు క్షణాలలో రియాక్టరును ఆపారు. కంట్రోల్ రూమును పొగ కమ్మింది. కొందరు బ్యాటరీ దీపాలు చేతబట్టుకొని రియాక్టరు భవనంలో పైకెక్కి, బోరాను ద్రవాన్ని వదిలే వాల్వులను చేతులతో తిప్పారు. మంటలార్పటానికి వుంచిన డీజిల్ పంపులతో నీరు అందించారు. పదిహేడు గంటలు కరెంటు లేకుండా కాచారు. ఆ రకపు రెక్కలలో లోపమున్నదని 1989లోనే జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ తెలియజేసింది. మార్పులు జరిగినది ప్రమాదం తరువాతనే. నాలుగేళ్ళు కాగితాలు చేయని పనిని నాలుగు చేతులు ఒక్క రాత్రిలో చేయవలసి వచ్చింది.

ఈ మూడు రాత్రులను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సత్యం బయటపడుతుంది. షిఫ్టు ఇన్‌ఛార్జికి బాధ్యత ఒక్కటే ఇచ్చి, దానికి కావలసిన మూడింటినీ ఇవ్వకపోవటమే అసలు లోపం. ఆ మూడూ ఏవి? అలసట లేని శరీరం, యంత్రపు లోపాలతో సహా పూర్తి జ్ఞానం, పైవారిని అడగకుండా ఆపే అధికారం. అమెరికా 1979 తరువాత షిఫ్టుకు సాంకేతిక సలహాదారుని నియమించింది. మన దేశంలో 1983లో అణుశక్తి నియంత్రణ మండలి ఏర్పడి, పరీక్షించి లైసెన్సు ఇచ్చినవారినే కంట్రోల్ రూములో కూర్చోబెట్టే పద్ధతిని నడుపుతున్నది. ఇవి మంచి మార్పులే. కాని ఎక్కడనైనా ఆపినందుకు సంజాయిషీ అడిగి, ఆపనందుకు మెప్పు ఇచ్చే ఆచారం వుంటే, నిబంధనలో వ్రాసిన అధికారం కాగితం మీదనే మిగులుతుంది.

ఈ మాట రియాక్టరుకే పరిమితం కాదు. తాండూరు కిల్న్ దగ్గర, వికారాబాదు జంక్షన్ క్యాబిన్‌లో, రాత్రి డ్యూటీ చేసే ప్రతివానికీ వర్తిస్తుంది. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థలలో రోజుకు 10 గంటలదాకా పనికి అనుమతి ఇచ్చింది. వారానికి 48 గంటల పరిమితిని వుంచింది. ఆ వుత్తర్వు ఫ్యాక్టరీలకు సంబంధించినది కాదు, నిజమే. కాని గాలి ఎటు వీస్తున్నదో దానినిబట్టి తెలుస్తూనే వున్నది. ఎనిమిది గంటలన్నది కార్మికుని సుఖానికి సంబంధించిన కోరిక మాత్రమేనని వాదించేవారికి త్రీమైల్ ఐలండ్‌లో ఉదయం షిఫ్టుకు వచ్చిన మనిషే సమాధానం. అలసిన కళ్ళకు కనబడనిది కొత్త కళ్ళకు కనబడింది. మూడవ మనిషి జీతం ఆదా చేసుకొనే యజమాని ఆ కళ్ళను ఆదా చేసుకొంటున్నాడు. దాని మూల్యం మాత్రం యజమాని ఒక్కడే చెల్లించడు. ఆ గోడల అవతల నిద్రపోయే ఊరంతా చెల్లిస్తుంది.