చిగురు పన్ను

మా రంప చరిత్ర ఎవరు చెప్పినా 1922 తిరుగుబాటు దగ్గర మొదలుపెడతారు. సీతారామరాజు పేరు ముందు మిగతావన్నీ మరుగునపడ్డాయి. అంతకు నలభై మూడేళ్ల ముందు, 1879 మార్చిలో, ఇవే కొండలు కల్లు మీద వేసిన పన్నుకు తిరగబడ్డాయి. ఆ సంగతి మా పిల్లల్లో చాలామందికి తెలియదు.

ఇక్కడి కల్లంటే జీలుగు కల్లు. కోనసీమ తాడిచెట్టు వేరు, జీలుగు వేరు. కొండవాలు, తేమ, కాస్త నీడ ఉన్నచోట పెరుగుతుంది. పది పదిహేనేళ్ల దాకా పూయదు. పూత మొదలైతే పైనుంచి కిందికి ఒక్కో గెలా వేస్తూ వచ్చి, ఆఖరి గెలతో చెట్టే చచ్చిపోతుంది. ఆ కొద్ది ఏళ్లే కల్లు. గెల కాడను పూటపూటా పలచగా చెక్కుతుంటే రసం కుండలోకి కారుతుంది. దింపగానే తియ్యన. ఎండెక్కేసరికి పాలలా తెల్లబడి పులుపు తిరుగుతుంది. చెట్టు చెట్టుకూ రుచి మారుతుందని గీసేవాళ్లు అంటారు, తాగినవాడిగా నేనూ ఒప్పుకుంటాను. చెట్టు నరికాక దవ్వ దంచి పిండి తీసి అంబలి కాస్తారు. గింజలు అడుగంటిన నెలల్లో కొండరెడ్లను నిలబెట్టింది ఈ చెట్టే. పాపికొండల్లో వాళ్ల మధ్య ఉండి 1945లో పుస్తకం అచ్చువేసిన మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ కూడా దీన్ని వాళ్ల ఆహారంగానే లెక్కగట్టాడు.

కొండవాలు పానీయానికి గౌరవం దక్కిన చోటూ ఉంది. ఫ్రాన్సులో రోన్ నది పక్కన, ఎండ బాగా కాసే ఒక కొండవాలు మీద శాతో గ్రియే అనే ద్రాక్షతోట ఉంది. విస్తీర్ణం సుమారు మూడున్నర హెక్టార్లు. అక్కడ తీసే తెల్ల వైన్ కోసం 1936లో ఆ ఒక్క తోటకే ప్రత్యేకంగా పేరు హక్కు ఇచ్చారు. మా కొండవాలు కల్లుకు సర్కారు ఇచ్చింది గుత్తేదారును.

1879 తిరుగుబాటుకు ముందు కొత్త ఆబ్కారీ నిబంధనలు వచ్చి, ఇంటి వాడకానికి కూడా కల్లు గీయరాదన్నాయి. గుత్తేదారు చిగురు పన్ను కట్టమన్నాడు. అది చాలదన్నట్టు రంప మన్సబ్‌దారు ‘మొదలు పన్ను’ పేరుతో అందులో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా అడిగాడు. మరోపక్క మైదానపు వర్తకులు కోర్టు డిక్రీలు తెచ్చి పశువులను, పంటలను తోలుకుపోతున్నారు. తాతలనాటి చెట్టెక్కడానికి ఎవడి చేతిలోనో డబ్బు పెట్టాలంటే ఎవరు ఊరుకుంటారు?

రంపచోడవరంలో కొండవాళ్లు పోలీసుల మీద పడ్డారు. ద్వారబంధాల చంద్రయ్య అడ్డతీగల పోలీసు స్టేషనుకు నిప్పుపెట్టాడు. బోదులూరు అమ్మల్‌రెడ్డి, కారం తమ్మన్నదొర మన్యమంతా కదిలించారు. మంట అప్పటి విశాఖ జిల్లా గొలుగొండ దాకా, భద్రాచలం వైపు రేకపల్లి దాకా పాకింది. దాన్ని ఆర్పడానికి మద్రాసు పదాతి దళాలు, గుర్రపు దళం, సాపర్లు రావలసి వచ్చింది. 1880 ఫిబ్రవరిలో చంద్రయ్యను చంపారు. రెవెన్యూ బోర్డు నుంచి విచారణకు వచ్చిన సల్లివాన్ ఈ పన్నుల కథంతా నివేదికకెక్కించాడు. మన్సబ్‌దారును తప్పించి సర్కారు ఊళ్ల గుంపులకు పెద్దలైన ముఠాదారులతో నేరుగా ఒప్పందాలు చేసుకుంది. చిగురు పన్ను పోయింది.

తర్వాత ఇవే కొండల్లో సీతారామరాజు తాగుడు మానండని, తగువులు పంచాయతీల్లోనే తీర్చుకోండని చెప్పాడు. కల్లు కోసం తిరగబడటానికీ ఈ మాటకూ పొంతన లేదంటారు కొందరు. నాకలా తోచదు. తాగాలో మానాలో కొండవాళ్లే తేల్చుకోవాలన్నది రెండింటిలోనూ ఉంది.

పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానంలో తాటి మీద మంచి పని జరుగుతోంది. జీలుగుకూ అంత శ్రద్ధ దక్కాలి. కల్లు వద్దనుకుంటే కుండకు సున్నం పూసి నీరా తీయొచ్చు, బెల్లం వండొచ్చు. కానీ ముందు చెట్టుండాలి. గింజ మొలవడానికే నెలలు పడుతుంది, ఈరోజు నాటింది గీతకొచ్చేది మన పిల్లల కాలానికి. అటవీ శాఖ నర్సరీల్లో టేకుతోపాటు జీలుగు నారు కూడా పోయాలని ప్రతి గ్రామసభా తీర్మానం చేసి పంపాలి. రంపచోడవరంలో చంద్రయ్య, అమ్మల్‌రెడ్డి, తమ్మన్నదొరల పేర్లు చెక్కిన రాయి ఒకటి నిలపాలి.