చికిత్స మిగిల్చిన గాయం: క్లోరోఫాం నుండి సి.టి. వరకు

చికిత్స వల్ల కలిగే హానిని కొలిచి చూసే ప్రయత్నం హైదరాబాదుకు కొత్త కాదు. పాతబస్తీ వాకిట, మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉన్న కాలంలోనే, వైద్యపాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ పూనికతో 1888, 1889 సంవత్సరాలలో రెండు క్లోరోఫాం కమిషన్లు ఏర్పడ్డాయి. రెండవదానికి ఆరవ నిజాం ధనసహాయం చేయగా, ‘లాన్సెట్’ పత్రిక పక్షాన లాడర్ బ్రంటన్ ఇక్కడికి వచ్చాడు. ముందు ఆగేది ఊపిరి, తర్వాతే గుండె. కనుక మత్తు ఇచ్చేవారు శ్వాసనే గమనించాలన్నది వారి నిర్ణయం. లారీ దీనిని మొండిగానే సమర్థించాడు. అయితే స్వల్పమోతాదులోనే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని 1911లో ఎ.జి. లెవీ నిరూపించాడు. కమిషన్ చూసినది అబద్ధం కాదు. తాను చూసిన మోతాదుకు వర్తించేదానిని అన్నింటికీ వర్తింపజేసింది.

1908 వరదలో ఆ ఆసుపత్రి పోయింది, ఉస్మానియా ఆసుపత్రి వెలసింది. కాన్సరుకు ప్రత్యేకమైన రేడియం ఇన్‌స్టిట్యూట్ 1955లో వచ్చింది. నేడు రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేరుతో ఉన్నది అదే.

రొమ్ము, ఊపిరితిత్తుల కాన్సర్లకు ఇచ్చే కిరణాలు పక్కనున్న ఆరోగ్యకరమైన ఊపిరితిత్తినీ గాయపరుస్తాయని 1920లలోనే ఎక్స్‌రే చిత్రాల ద్వారా గుర్తించారు. కాని ఎక్స్‌రేలో ముందువెనుకల నీడలు కలిసిపోతాయి. 1971లో హౌన్స్‌ఫీల్డ్ యంత్రం రోగులను చేరాక నీడ సంఖ్యగా మారింది: నీటికి సున్న, గాలికి మైనస్ 1000. తెలుగులో తిత్తి అంటే గాలి నిండే సంచి. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి సంఖ్య మైనస్ 800కు అటూ ఇటూగా ఉండడం ఆ మాటకు తగినట్లే ఉంది. వాపు వస్తే ఆ సంఖ్య నీటివైపు జరుగుతుంది. చికిత్స ముగిసిన కొన్ని వారాలకు వాపు, ఆరునెలల తరువాత మచ్చకట్టడం సాధారణక్రమం. న్యుమోనియాకు భిన్నంగా ఈ మచ్చ తమ్మెల హద్దులను పాటించదు. కిరణం వెళ్లిన దారినే గీత గీసినట్లు ఉంటుంది.

మన ప్రాంతంలో ప్రమాదం మరొకటి. రొమ్ము కాన్సరు చికిత్సలో మెడ దిగువకు కూడా కిరణాలు ఇస్తే ఊపిరితిత్తి శిఖరంలో మచ్చ పడుతుంది. క్షయ కూడా ఎక్కువగా అక్కడే కనబడుతుంది. పొరబడితే రోగి అనవసరంగా నెలల తరబడి క్షయమందులు మింగాలి. స్థిరపడిన మచ్చ మళ్లీ ఉబ్బితే దానిని పాతగాయమని కొట్టివేయడం ఇంకా ప్రమాదకరం; అది కాన్సరు తిరగబెట్టిన గుర్తు కావచ్చు.

ఇప్పుడు కిరణాలను అనేక దిక్కుల నుండి ఇస్తున్నారు కనుక ఆ సరళరేఖ చాలా సందర్భాలలో చెదిరిపోతోంది. పాత పద్ధతికి సరిపోయిన గుర్తునే నేటి చిత్రంలో వెదికితే లారీకి ఎదురైన చిక్కే మళ్లీ ఎదురవుతుంది. చికిత్స ఒకచోట, సి.టి. మరొకచోట జరిగినప్పుడు, కిరణాలు ఎటునుండి ఎంత ఇచ్చారో తెలిపే పత్రం రోగి చేతిసంచిలో లేకపోతే, చిత్రం చదివేవారికి ఆ మచ్చ ఆకారం ఏమీ చెప్పదు.